దిగి వచ్చినవాడు

ధ్యాన భాగములు: ఆదికాండము 26:18-22; 1 రాజులు 8:17-19; అపొ. కార్యములు 16:6-10, 2 తిమోతి 4:7-11



ఈ నెల మీతో సైకిలు తొక్కువారిని గూర్చి మాటలాడదలచితిని. నవ్వకుడి. మన గ్రామ సంఘములలో సైకిలు ఎరుగని యిల్లు లేదు. మన హాలహర్వి నేల నల్లరేగడి. వాన కురిసిన దినమున పొలము దారిని సైకిలు మీద పోయినవారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు. నాలుగు బారలు పోవులోగా బంక మన్ను మడ్‌గార్డులోనికి ఎక్కి చక్రము కదలదు. దిగి పుల్లతో గీకి మరల ఎక్కుదుము. ఇంకొక నాలుగు బారలు పోవుదుము. తుదకు సైకిలు మనలను మోయుట మాని, మనమే దానిని భుజము మీద మోయుదుము. ఆ విధముగా మోసికొనుచు ప్రార్థన కూటమునకు ఆలస్యముగా వచ్చిన మీ పాస్టరును చూచి మీరు పలుమారులు నవ్వితిరి.

నేను నాలుగవ తరగతి చదువుచుండగా, అనగా 1989 ప్రాంతమున, మా ఊరికి ఒక సైకిలువాడు వచ్చెను. అట్టివారు ఆ కాలమున ఊరూర తిరుగుచుండిరి. మీలో నలుబది దాటినవారికి జ్ఞాపకముండును. బడి యెదుటి బయలులో సున్నముతో పెద్ద గుండ్రని గీత గీసి, గుంజలు పాతి, రంగు కాగితములు కట్టి, మైకు సెట్టు పెట్టిరి. ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద కాలు మోపక సైకిలు తొక్కుదునని అతడు చెప్పెను. ఆలూరు తాలూకాలో ఇంతవరకు ఎవడును చేయని రికార్డు ఇదియని మైకులో ప్రకటించిరి. తాలూకాలు పోయి మండలములు వచ్చి నాలుగేండ్లైనను మా వారి నోట తాలూకా మాటయే యుండెను. అది నిజముగా రికార్డో కాదో వ్రాసికొన్నవారు ఎవరు? మేము నమ్మితిమి.

అతడు తొక్కుచునే స్నానము చేసెను. తొక్కుచునే చొక్కా మార్చుకొనెను. నేల మీద వేసిన చేతిరుమాలును వంగి పండ్లతో పైకెత్తెను. అతని భార్య చంకలో బిడ్డతో, చేతిలో చేటతో గుంపులో తిరుగుచుండెను. కొందరు జొన్నలు పోసిరి, కొందరు చిల్లర వేసిరి. ఏడవ దినమున ఊరి పెద్దలు నోట్లు గుచ్చిన తువాలు కప్పుదురని మాట. ఆ తువాలే వారి ఆశ.

ఐదవ రాత్రి నేను మా నాయన ప్రక్కన గోనెపట్ట మీద కూర్చుండియుంటిని. సైకిలువాని పాదములు వాచి చెప్పులలో పట్టకుండెను. తల ముందుకు వాలిపోవుచుండెను. రెండు మారులు గీత దాటి గుంపు మీదికి వచ్చెను. భార్య ప్రక్కనే పరుగెత్తుచు "దిగు, ఇంగ సాలు, దిగు" అని ఏడ్చుచుండెను. గుంపులోనివారు "దిగొద్దు, దిగొద్దు! ఇంగ రెండు దినాలే!" అని కేకలు వేసిరి. నేనును వేసితిని. తుదకు అతడు బ్రేకు పట్టి ఎడమకాలు నేల మీద మోపెను. "నాతో కాదప్పా" అనెను. మైకు ఆగిపోయెను. ఒకడు ఈల వేసెను. ఇంకొకడు తన జొన్నలు తనకు తిరిగి ఇమ్మని అడిగెను. కొంతసేపటికి బయలు ఖాళీ ఆయెను. ఇచ్చిన జొన్నలు తిరిగి అడిగిన ఊరు మాదియని చెప్పుటకు నాకు నేటికిని సిగ్గే.

ఆ మనుష్యుని నేను చాల సంవత్సరములు మరచితిని. ఈ మధ్య దూరపు సైకిలు రికార్డులను గూర్చి చదువుచుండగా అతడు మరల నా కన్నుల యెదుట నిలిచెను. ఇంగ్లండు దేశమున 1911లో ఒక సైకిలు పత్రిక ఒక పోటీ ఏర్పరచెను. సంవత్సరము పొడుగున నూరు మైళ్ల సవారీలు ఎవడు ఎక్కువమారులు చేయునో చూతమని దాని ఉద్దేశము. ఆ యేడు మార్సెల్ ప్లానెస్ అనువాడు 34,366 మైళ్లు తొక్కెను. తరువాతివారు ఒకరినొకరు దాటుచు వచ్చిరి. 1936లో వాల్టర్ గ్రీవ్స్ అను ఒంటిచేతి మనుష్యుడు 45,383 మైళ్లు తొక్కెను. మరుసటి యేట ఆస్ట్రేలియా దేశస్థుడైన ఓస్సీ నికల్సన్ దానిని 62,657 మైళ్లకు చేర్చెను.

1939 జనవరి 1వ తేదీన ఇంగ్లండులో ముగ్గురు బయలుదేరిరి. టామీ గాడ్విన్, బెర్నార్డ్ బెన్నెట్, ఎడ్వర్డ్ స్వాన్ అనువారు. స్వాన్ వెయ్యి మైళ్లైనను నిండకముందే పడిపోయి ప్రయత్నము మానుకొనెను. బెన్నెట్ సంవత్సరమంతయు తొక్కి 65,127 మైళ్లు చేసెను. పాత రికార్డును దాటినను అతని పేరు ఎరిగినవారు కొద్దిమందియే, ఏలయనగా గాడ్విన్ 75,065 మైళ్లు చేసెను. లెక్కకు దినమునకు 205 మైళ్లు, అనగా 330 కిలోమీటర్లు. మన ఆదోని నుండి హైదరాబాదునకు పోవు దూరముకంటె ఎక్కువ. ఒక దినము రెండు దినములు గాదు, సంవత్సరమంతయు. సెప్టెంబరులో యుద్ధము వచ్చి రాత్రులు దీపములకు ముసుగు వేయవలసి వచ్చినప్పుడును అతడు మానలేదు. సంవత్సరము ముగిసినను దిగలేదు. 1940 మే నెలవరకు తొక్కి 500 దినములలో లక్ష మైళ్లు పూర్తిచేసెను. అటుతరువాత నేల మీద సరిగా నడుచుట మరల నేర్చుకొనుటకు అతనికి వారములు పట్టెను. అతని సంవత్సరపు లెక్క 2016 జనవరివరకు చెక్కుచెదరలేదు. అప్పుడు కర్ట్ సియర్‌వోగెల్ అను అమెరికా దేశస్థుడు 76,076 మైళ్లతో దానిని దాటెను. 2017లో అమాండా కోకర్ అను అమెరికా యువతి 86,573 మైళ్లతో ఆయనను దాటెను.

గెలిచినవారి సంగతి అది. నా మనస్సు దిగిన యొకనియొద్ద ఎక్కువసేపు ఆగెను. స్టీవ్ ఏబ్రహాం అను ఇంగ్లండు దేశస్థుడు గాడ్విన్ రికార్డును దాటుటకు 2015 జనవరి 1వ తేదీన బయలుదేరెను. పూర్వము గుంపు బయలులో గోనెపట్టల మీద కూర్చుండెడిది. ఈ దినములలో అట్లు కూర్చుండనక్కరలేదు. అతడెక్కడ ఉన్నాడో ఎన్ని మైళ్లు తొక్కినాడో లోకములో ఎవరైనను తమ యింటిలో కూర్చుండి చూడవచ్చును. మార్చి 29వ తేదీన ఒక మోపెడు వచ్చి అతనిని ఢీకొనగా చీలమండ విరిగెను. అయినను అతడు మూడు చక్రముల బండి మీద ఒంటికాలితో కొంతకాలము తొక్కెను. ఆగస్టు నెలలో ఆ లెక్కనంతటిని విడిచిపెట్టి సున్నా నుండి మరల మొదలు పెట్టెను. అదియు సంవత్సరమువరకు సాగలేదు. ఎంత తొక్కినను లెక్క అందదని తేలినప్పుడు దానిని కూడ విడిచెను. ఆ 2016వ సంవత్సరమందే అతడు ఒక్క నెల రికార్డునకు పూని 7,104 మైళ్లు తొక్కెను. రెండు మారులు దిగినవాడు సైకిలునే విడిచిపెట్టలేదని మీరు గమనింపవలెను.

అమెరికా దేశమును పడమటి సముద్రమునుండి తూర్పు సముద్రమువరకు సైకిలు మీద దాటు పందెము ఒకటి ఉన్నది. దాదాపు 3,000 మైళ్లు. ఒంటరిగా తొక్కువారికి గడువు 12 దినములు. మన భారత సైన్యములో వైద్యుడైన శ్రీనివాస్ గోకుల్‌నాథ్ 2016లో ఆ పందెమునకు పోయి పూర్తిచేయలేక ఆగిపోయెను. 2017లో మరల పోయి గడువులోగా పూర్తిచేసెను. ఆ పందెములో కొందరికి ఒక వింత బాధ కలుగును. దినముల తరబడి హ్యాండిలు మీద వంగి తల పైకెత్తి చూచుటచేత మెడ కండరములు ఒక్కసారిగా పట్టు విడుచును. తల వ్రేలాడిపోవును. 1983లో మైకేల్ షెర్మర్ అనువానికి అట్లు జరిగినందున ఆ జబ్బుకు అతని పేరే నిలిచిపోయెను. కొందరు మెడకు పట్టీలు బిగించుకొని, గడ్డము క్రింద ఊత పెట్టుకొని ఇంకను తొక్కుదురట. కాళ్లు ఆడుచునే యుండును, చక్రము తిరుగుచునే యుండును, గాని దారి కనబడదు. ముందు చక్రము మాత్రమే కనబడును.

ప్రియులారా, ఈ మాట చదివినప్పుడు నేను పుస్తకము మూసితిని. ముందు చక్రము తప్ప మరేమియు కనబడని మనుష్యుని నేను ఎరుగుదును. అతనికి "తొక్కు, తొక్కు" అని చెప్పినవాడను నేనే.

మన సంఘములో ఒక సహోదరుడు కలడు. ఆయన అనుమతితోనే వ్రాయుచున్నాను, పేరు చెప్పను. ఆయనకు ఐదెకరముల చేను. మొదటి బోరు 300 అడుగులు వేసిరి, పొడి వచ్చెను. రెండవదానిలో కొంచెము నీరు పడి రెండు నెలలకే ఎండెను. మూడవదియు పోయెను. మన ప్రాంతమున మన్ను క్రింద గట్టి రాయి. నీరు ఆ రాతి పగుళ్లలో మాత్రమే నిలుచును. ఒకని బోరునకు తగిలిన పగులు పది బారల దూరమున వానికి తగలదు. బోరు లారీ తరచుగా రాత్రివేళ వచ్చును. గుంతలోనుండి తెల్లని రాతిపొడి పైకెగురుచుండగా ఇంటిల్లిపాది దూరమున నిలిచి, ఆ పొడి తడిగా మారునేమోయని చూచుచుందురు. అడుగుకింత చొప్పున లెక్క పెరుగుచుండును. "ఇంకొక యాభై అడుగులు" అనుట ఎంత సులభము! దాని క్రింద నీళ్లుండవచ్చునను మాట ఎన్నటికిని అబద్ధమని తేలదు, ఏలయనగా ఎంత లోతునకు పోయినను దాని క్రింద ఇంకొక యాభై అడుగులు ఉండును. (బోరు వేయకముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని తిరుగువానిని మన క్రైస్తవులే చీకటిపడిన తరువాత పిలిపించుచున్న సంగతి నాకు తెలియును. దానిని గూర్చి మరియొక నెల మాటలాడుదును.)

మూడవ బోరు పోయిన తరువాత ఆయన నాయొద్దకు వచ్చెను. "అయ్యగారూ, మూడు పోయినాయి. నాలుగోది వేసేదా, ఇడిసిపెట్టేదా? మీరు యెట్ల చెప్తే అట్ల" అనెను. నేను ఏమి చెప్పవలసియుండెను? ఆయన అప్పెంతయో అడుగవలసియుండెను. ఆయన భార్యను ఒక మాట అడుగవలసియుండెను. నేనట్లు చేయక "ఇడువొద్దన్నా, దేవుని మీద నమ్మకముంచు" అని చెప్పి ప్రార్థన చేసితిని. అంతటితో ఆగక ఆ ఆదివారమున ఇస్సాకు బావులను గూర్చి ప్రసంగించితిని. ఇస్సాకు ఒక బావి త్రవ్వించెను, మరియొకటి త్రవ్వించెను, మూడవది త్రవ్వించెను, మానలేదు, తుదకు రహెబోతులో ఎడము దొరికెను అని బల్ల గుద్ది చెప్పితిని. సంఘమంతయు ఆమెన్ అనెను. ఆయన ముందు వరుసలో కూర్చుండి వినెను.

నాలుగవ బోరునకు ఆయన భార్య కమ్మలును తాళియు కుదువకు పోయెను. 600 అడుగులు దాటినను పొడియే వచ్చెను. సంక్రాంతి వెళ్లిన వారమున వారు ఇంటికి తాళము వేసి, పిల్లలను బడి మాన్పించి, గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గికి పోయిరి. రెండేండ్లు ముందు వరుసలో వారి చోటు ఖాళీగా ఉండెను. మధ్య ఒక ఈస్టరు పండుగకు ఊరికి వచ్చి, గుడికి రాక తిరిగిపోయిరి. తరువాత ఎందుకని అడిగితిని. "అయ్యగారి ముగం యెట్ల చూసేది? మీరు ప్రార్థన చేసి పంపితిరి, నేను ఓడిపోతిని" అనెను. నన్ను చూచి ఆయన సిగ్గుపడెను. ఆయనను చూచి సిగ్గుపడవలసినవాడను నేను గదా!

ఆ రాత్రి ఆదికాండము 26వ అధ్యాయము మరల తెరచితిని. ఆ వాక్యములు ఎన్నిమారులు చదివితినో లెక్కలేదు, గాని అందులోని సంగతి అప్పుడే చూచితిని. ఇస్సాకు మొదటి బావికి ఏశెకు అని, రెండవదానికి శిత్నా అని పేరు పెట్టెను. ఆ రెంటిలోను అతడు నీళ్లు లేక పోలేదు. నీళ్లున్న బావులను, కష్టపడి త్రవ్వించిన బావులను, జగడము వచ్చినందున విడిచిపెట్టి కదలిపోయెను. నేను ఇస్సాకు త్రవ్వుటను ప్రసంగించితిని, ఇస్సాకు విడుచుటను చూడలేదు. అతడు శిత్నాయొద్దనే పట్టుబట్టి కూర్చుండియుండినయెడల రహెబోతును చూచియుండడు.

దిగుట అంతయు పాపము కాదు. ఈ మాట మన ప్రసంగ పీఠములనుండి తక్కువగా వినబడుచున్నది. మేము సెమినరీలో ప్రసంగములు నేర్చుకొన్నప్పుడు, పౌలు తన పరుగును కడముట్టించెనని తిమోతికి వ్రాసిన మాట మీద ప్రతి విద్యార్థియు ఒక ప్రసంగము తయారుచేసెను. నేనును చేసితిని. మంచి మాటయే. అయితే ఆ పౌలే ఎన్ని దారులు మధ్యలో విడిచెనో చూడుడి. ఆసియలో వాక్యము చెప్పదలచెను, పరిశుద్ధాత్మ ఆటంకపరచెను. బితూనియకు పోవ ప్రయత్నించెను. యేసుయొక్క ఆత్మ వెళ్లనియ్యలేదు. రెండు వైపుల దారి మూసికొనగా త్రోయకు దిగి వచ్చెను. ఆ రాత్రి మాసిదోనియ మనుష్యుడు దర్శనములో కనబడెను. పౌలు కడముట్టించినది తాను ప్రభువునొద్ద పొందిన పరుగు. ఆ పొందిన అను మాట అపొ. కార్యములు 20:24లో ఉన్నది, గురుతు పెట్టుకొనుడి. తాను వేసికొన్న దారులను ఆయన విడిచెను. ప్రభువు ఇచ్చిన పరుగును విడువలేదు.

దావీదును చూడుడి. యెహోవాకు మందిరము కట్టింపవలెనను కోరిక చెడ్డ కోరికయా? ప్రవక్తయైన నాతాను కూడ మొదట కానిమ్మనెను. నావలెనే తొందరపడి కానిమ్మనిన సేవకుడు అక్కడ కూడ ఒకడున్నాడని చూచినప్పుడు నాకు కొంత ఊరట కలిగెను. అయితే నాతాను ఆ రాత్రియే ప్రభువు మాట విని, తెల్లవారగానే రాజునొద్దకు పోయి తన మాటను దిద్దుకొనెను. నేను రెండేండ్లు దిద్దుకొనలేదు. దేవుడు దావీదును కట్టవద్దనెను. సొలొమోను మందిర ప్రతిష్ఠ దినమున చెప్పిన దానినిబట్టి, ఆ తలంపు నీ హృదయమున పుట్టుట మంచిదేయని కూడ దేవుడు దావీదుతో చెప్పియుండెను. వద్దనిన నోటనే మంచిదనెను! మన గుంపు ఈ రెండు మాటలు కలిపి చెప్పలేదు. గెలిచినవానిని మంచిదందుము, దిగినవానికి ఈల వేయుదుము. దావీదు అలుగలేదు. తాను కట్టని మందిరమునకు తలుపుల మేకులకై ఇనుమును, దేవదారు మ్రానులను సమకూర్చి పెట్టెను. ఆ మేకులు మరియొకడు కొట్టెను.

అయితే మీలో ఆలోచనాపరులు ఒక ప్రశ్న అడుగుదురు. "అయ్యగారూ, సిలువ మీద ప్రభువును దిగి రమ్మనిరి గదా? ఆయన దిగలేదే!" అవును, ఆయన దిగలేదు. దీనిని తొందరగా దాటిపోకూడదు. సిలువయొద్ద గుంపు దిగుమని అరచెను. హేరోదు విందులో సంగతి దానికి తలక్రిందులు. బాప్తిస్మమిచ్చు యోహాను తల అడుగగా ఆ రాజు దుఃఖపడెను, ఆ మాట వెనుకకు తీసికొనవలెనని అతని మనస్సునకు తోచియుండును. గాని తాను పెట్టుకొన్న ఒట్టును, తనతో కూర్చుండిన వారి ముఖములను చూచి దిగలేకపోయెను. నలుగురిలో మాట పోవునని ఒక నీతిమంతుని తల తీయించెను. హేరోదు గుంపు కొరకు ఎక్కి కూర్చుండెను. మన ప్రభువు గుంపు కొరకు ఎక్కనూలేదు, గుంపు కొరకు దిగనూలేదు. గెత్సేమనేలో తండ్రిని అడిగెను. సాధ్యమైతే ఆ గిన్నె తొలగిపోవుట మంచిదని దాచకుండ అడిగెను. తండ్రి చిత్తము తెలిసిన తరువాత ఆయనను సిలువనుండి దింపుటకు లోకములో ఎవరి తరమును కాలేదు. అడుగుటకు భయపడిన హేరోదునకును, అడిగి నిలిచిన ప్రభువునకును ఉన్న భేదము అది. కాబట్టి మీలో ఎవరైనను ఏదైన భారమైన ప్రయత్నములో ఉండి, విడువవలెనో విడువకూడదో తెలియక నాయొద్దకు వచ్చినయెడల, ఇకమీదట నేను తొందరపడి ప్రార్థన చేసి పంపను. చూచువారు ఎవరును లేకపోయినను దీనిని చేయుదువా అని మొదట అడుగుదును. ఇంటివారు ఏమనుచున్నారని అడుగుదును. ఆ సైకిలువాని భార్య ప్రక్కనే పరుగెత్తుచు దిగుమని ఏడ్చినది. ఆమె మాట అతనికి వినబడకుండ చేసినది మా కేకలే.

దిగినవాని తరువాతి సంగతి ఇంకొకటి చెప్పవలెను. మార్కు అను మారుపేరుగల యోహాను, పౌలు బర్నబాలతో సువార్త పనికి బయలుదేరి, పంఫూలియలోని పెర్గేయొద్ద వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. ఎందుకో లేఖనము చెప్పలేదు, మనమును ఊహింపనక్కరలేదు. తరువాత అతనిని మరల వెంటబెట్టుకొని పోవుటకు పౌలు ఒప్పుకొనలేదు. బర్నబా ఒప్పుకొనెను. ఈ విషయమై ఆ యిద్దరు భక్తులు జగడమాడి వేరైపోయిరి. పౌలు పక్షమున న్యాయమున్నదని నేననుకొందును. మధ్యలో విడిచిపోయినవానిని నమ్ముట కష్టమే. అయినను బర్నబా అతనిని చేరదీసి కుప్రకు తీసికొనిపోయెను. చాల సంవత్సరములు గడచెను. పౌలు తన పరుగు కడముట్టించితినని వ్రాసిన ఆ అధ్యాయమందే, నాలుగు వచనముల క్రింద, మార్కును వెంటబెట్టుకొని రమ్మని, అతడు పరిచారము నిమిత్తము తనకు ప్రయోజనకరమైనవాడని వ్రాసెను. పరుగు ముగించిన ముసలివానికి, పెర్గేయొద్ద దిగిపోయిన మనుష్యుడు కావలసి వచ్చెను. ఏడవ వచనము మనకు కంఠస్థము. పదకొండవ వచనము వచ్చువరకు మనము చదువము.

మన సహోదరుడు గత దీపావళికి ముందు ఇంటికి తిరిగి వచ్చెను. ఈసారి నేను ఆయన రాకకు ఎదురుచూడక వారి యింటికి పోయితిని. నేను చెప్పిన సలహా తప్పని, నేను ప్రసంగించిన వాక్యమును సరిగా చదువలేదని ఆయన భార్య పిల్లల యెదుట ఒప్పుకొంటిని. ఆమె లేచి లోపలికి పోయెను. చాలసేపు రాలేదు. తరువాత టీ తెచ్చి ఇచ్చెను. ఆయన ఇప్పుడు ఆ చేనిలో వానను నమ్ముకొని కొర్రలును జొన్నలును వేయుచున్నాడు. అప్పు తీరలేదు. ఆమె కమ్మలు ఇంకను కుదువలోనే ఉన్నవి. చిన్నవాడు బడికి పోవుచున్నాడు. పెద్దవాడు పోనని చెప్పుచున్నాడు, వానితో మాటలాడుటకు వచ్చే వారము మరల పోవుదును. ఎండిపోయిన నాలుగు బోర్ల నోళ్లను మేమిద్దరము కలిసి రాళ్లతోను మన్నుతోను మూసితిమి. మీ చేలలో పనికిరాని బోర్లు తెరచియున్నయెడల ఈ వారమే మూయించుడి; పిల్లలు ఆడుకొను చోట్లు అవి.

ఉగాదికి, ఈస్టరునకు సుగ్గికి పోయినవారు అనేకులు ఊరికి వత్తురు. కొందరు చేతిలో కొంత డబ్బుతో వత్తురు, కొందరు జ్వరముతోను ఉత్త చేతులతోను మధ్యలోనే తిరిగి వత్తురు. గుడి మెట్ల మీద వారిని చూడగానే "ఎంత సంపాదిస్తివి?" అని మొదట అడుగకుడి. ఏలీయా పని విడిచి బదరీ చెట్టు క్రింద పడుకొని చావు కోరుకొన్నప్పుడు దూత అతనిని లెక్క అడుగలేదు. నిప్పుల మీద కాలిన రొట్టెను నీళ్లను చూపి లేచి తినుమనెను. అతడు తిని మరల పండుకొనెను. రెండవమారు కూడ తినుమనియే దూత చెప్పెను. ఎందుకు వచ్చితివను ప్రశ్న దేవుడు తరువాత, హోరేబులో అడిగెను.

సైకిలువాని సంగతి ఇంకను కొంత మిగిలియున్నది. ఆ రాత్రి ఇంటికి వచ్చి జరిగినదంతయు మా అమ్మకు నవ్వుచు చెప్పితిని. ఆమె నవ్వలేదు. తెల్లవారి నాలుగు జొన్నరొట్టెలు, గిన్నెలో పప్పు నా చేతికిచ్చి "ఆ అప్పకు ఇచ్చి రాపో" అనెను. నాకు పోవుటకు మనసు లేదు, అయినను పోయితిని. బయలులో సున్నపు గీత ఇంకను అట్లే ఉన్నది. వేపచెట్టు క్రింద అతడు పడుకొనియుండగా భార్య అతని పాదములు ఒడిలో పెట్టుకొని ఆముదము రాయుచుండెను. అతడు లేచి కూర్చుండి, రెండు రొట్టెలు తాను తిని రెండు ఆమెకిచ్చెను. నా పేరు, నా తరగతి అడిగెను. ఆ సైకిలు గంటను ఒకమారు మ్రోగించుకొమ్మనెను. మ్రోగించితిని.

మూడవ దినమున వారు బయలుదేరిరి. క్యారియరు మీద పరుపుచుట్ట, ముందు కడ్డీ మీద బిడ్డ. ఊరు దాటువరకు అతడు సైకిలును నడిపించుకొనియే పోయెను. మేము పిల్లలము వెంట పోయితిమి. బళ్లారి రోడ్డు చేరిన తరువాత భార్యను వెనుక కూర్చుండబెట్టి సైకిలెక్కెను. అంతవరకు అతడు గుండ్రముగా తొక్కుటయే చూచినవారము. ఇప్పుడు తిన్నగా, మెల్లగా, ఎక్కడను ఆగక పోవుచుండెను. చింతచెట్ల మలుపు దాటువరకు మేము రోడ్డు మీదనే నిలిచి చూచితిమి.